అపార్ట్‌మెంట్ సంఘం లెక్కలను సరిచూడటం ఎలా?

అపార్ట్‌మెంట్ సంఘాల సర్వసభ్య సమావేశంలో లెక్కల ప్రస్తావన రాగానే, కోశాధికారి చదివిన మొత్తాలకు అందరూ తలలూపి టిఫిన్ల వైపు నడుస్తారు, లేదంటే ఎవరో ఒకరు లేచి "డబ్బంతా ఎటు పోయింది?" అని గద్దించడంతో సమావేశం రసాభాస అవుతుంది. హైదరాబాదులో 48 ఫ్లాట్లున్న మా సముదాయంలో మూడేళ్లు కోశాధికారిగానూ, ఆ తరువాత ఆరేళ్లు లెక్కలు సరిచూసే సభ్యుడిగానూ ఉన్నాను. ఆ తలలూపినవారు గానీ, గద్దించినవారు గానీ వోచర్ల ఫైలు తెరిచి చూడగా నేనెన్నడూ చూడలేదు.

కావలసినవి తక్కువే: సంఘం బైలాల (నియమావళి) ప్రతి, 12 నెలల బ్యాంకు స్టేట్‌మెంటు, వోచర్ల ఫైలు, మెయింటెనెన్స్ రసీదు పుస్తకాలు, వాచ్‌మన్ దగ్గరుండే రిజిస్టరు, ఒక పొడవాటి నోటుపుస్తకం, పెన్సిలు. పెన్సిలే వాడాలి. పెన్నుతో రాసి కొట్టివేసిన అంకె, చూసేవారికి మీ పొరపాటుగా కాక సంఘం పొరపాటుగా కనిపిస్తుంది. ఈ పనికి ఇద్దరు కూర్చోవాలి, వారిలో ఒకరికైనా కార్యవర్గంతో సంబంధం ఉండకూడదు. ఆదివారం ఉదయం తప్ప మరే సమయమూ ఇందుకు పనికిరాదు.

ముందుగా సంఘం ఏ చట్టం కింద నమోదైందో చూసుకోవాలి. తెలుగు రాష్ట్రాల్లో చాలా సంఘాలు 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కిందనో, 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కిందనో నమోదై ఉంటాయి. ఆ సంగతి తెలిశాక, బైలాలలో లెక్కల తనిఖీకి సంబంధించిన నిబంధనను ఉటంకిస్తూ కార్యదర్శికి లేఖ ఇచ్చి, రెండవ ప్రతి మీద అందినట్లు సంతకం తీసుకోవాలి. కొందరు ఈ దశలో సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడతారు. సంఘం ప్రభుత్వ సంస్థ కాదు కనుక అది వృథా ప్రయాస. ప్రభుత్వం గణనీయంగా నిధులిస్తే తప్ప సహకార సంఘాలు సైతం ఆ చట్టం పరిధిలోకి రావని సుప్రీంకోర్టు 2013లో కేరళలోని తలప్పళం సహకార బ్యాంకు కేసులో తేల్చి చెప్పింది. వాట్సాప్ గ్రూపులో అడగడం అంతకన్నా వృథా. అక్కడ ప్రశ్న పెట్టిన అయిదు నిమిషాల్లో లెక్క పోయి మనుషులు మిగులుతారు.

రాబడి వైపు చూడటం సులభం. ఫ్లాట్ల సంఖ్యను నెలవారీ మెయింటెనెన్స్‌తో హెచ్చించి, రసీదులతోనూ బ్యాంకు జమతోనూ సరిపోల్చి, బకాయిలను విడిగా రాసుకుంటే సరిపోతుంది. కార్యవర్గ సభ్యుల ఫ్లాట్ల బకాయిలను కూడా అదే జాబితాలో, అదే అక్షరాలతో రాయాలి. కార్పస్ ఫండ్, అంటే సంఘం మూలనిధి, ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదును కంటితో చూడాలి, మాట మీద నమ్మకూడదు.

కష్టమంతా ఖర్చుల్లోనే ఉంది. అందులోనూ వోచరు మీది అంకెకూ, ఆవరణలోకి నిజంగా వచ్చిన వస్తువుకూ లంకె కలపడం దగ్గరే నూటికి తొంభైమంది తప్పటడుగు వేస్తారు. లిఫ్ట్ ఏఎంసీకి (వార్షిక నిర్వహణ ఒప్పందానికి), కరెంటు బిల్లుకు బ్యాంకు ద్వారా చెల్లింపు ఉంటుంది కనుక అక్కడ పెద్దగా చూడవలసింది లేదు. నీళ్ల ట్యాంకర్లు, జనరేటర్ డీజిల్ మాత్రం వాడగానే మాయమయ్యే వస్తువులు. నెల తిరిగేసరికి వాటికి సాక్ష్యం వాచ్‌మన్ రిజిస్టరు ఒక్కటే.

ఒక ఏడాది మే నెల బిల్లులో 62 ట్యాంకర్లని ఉంది. వాచ్‌మన్ రిజిస్టరులో గీతలు లెక్కపెడితే 54 వచ్చాయి. నేను నోటుపుస్తకంలో 8 అని రాసి దాని చుట్టూ సున్నా చుట్టాను. నా పక్కన కూర్చున్న సభ్యుడు ఆ సున్నాను చూసి, సాయంత్రానికల్లా నాలుగు ఇళ్లలో చెప్పాడు. మరునాడు సరఫరాదారుని అడిగితే తేలిందేమిటంటే, ఆ నెలలో ఎనిమిదిసార్లు 5,000 లీటర్ల బండి దొరకక 10,000 లీటర్ల బండి వచ్చింది. అతడు ఒక్కో పెద్ద బండిని రెండుగా లెక్కగట్టి బిల్లు వేశాడు, వాచ్‌మన్ మాత్రం గేటు దాటిన బండికి ఒక్క గీతే గీశాడు. చిన్నవి 46, పెద్దవి 8. మొత్తం సరిగ్గా 62. లెక్క సరిపోయింది గానీ, అప్పటి కోశాధికారి మళ్లీ ఏ పదవికీ ఒప్పుకోలేదు.

అందుకే ఈ దశలో తేడా కనబడగానే దానిని తేడాగానే రాయాలి, కారణాన్ని రాయకూడదు. బండి పరిమాణం, తేదీ, బిల్లు కొలమానం మూడూ ఒక వరుసలో పెట్టి చూసి, సరఫరాదారునీ వాచ్‌మన్‌నూ వేర్వేరుగా అడిగి, ఆ తరువాతనే కోశాధికారిని అడగాలి. అడిగేటప్పుడు "మీరెందుకు ఎక్కువ చూపించారు?" అనకుండా, "ఈ వోచరుకు ఈ రిజిస్టరు పేజీ కలవడం లేదు, ఏ కాగితం చూడాలి?" అనాలి. తేడా తేలేంతవరకు అది ఆ గది దాటి పోకూడదు.

డీజిల్‌కు రిజిస్టరు కూడా చాలదు, జనరేటర్ మీది గంటల మీటరు చూడాలి. మా 62.5 కేవీఏ జనరేటర్ సగం లోడు మీద గంటకు ఏడెనిమిది లీటర్లు తాగుతుంది. ఒక జూన్‌లో మీటరు 14 గంటలు చూపితే, ఎక్కువగా వేసుకున్నా 112 లీటర్లు, కొన్నది 180. నెల మొదట్లోనూ చివరనూ ట్యాంకులో పుల్ల ముంచి చూసిన కొలతల ప్రకారం నిల్వ 20 లీటర్లు పెరిగింది. మిగిలిన 48 లీటర్లకు ఎవరి దగ్గరా కాగితం దొరకలేదు. ఆ సంగతిని అలాగే, ఎవరి పేరూ లేకుండా, నివేదికలో రాశాము. మరుసటి నెల నుంచి డీజిల్ క్యాను గేటు దగ్గరే ఇద్దరి సంతకంతో దిగుతోంది.

ఖర్చు సరైనదని తేలినా, పంపకం న్యాయంగా ఉందో లేదో చూడాలి. వాచ్‌మన్ జీతం, లిఫ్ట్, మెట్ల దీపాలు అన్ని ఫ్లాట్లకూ సమానంగానే వేయాలి. రంగులు, కప్పు మరమ్మతు, కార్పస్ మాత్రం చదరపు అడుగుల లెక్కన, అంటే రిజిస్ట్రేషన్ దస్తావేజులో ఒక్కో ఫ్లాటుకు రాసిన స్థలపు అవిభాజ్య వాటా నిష్పత్తిలో పడాలి. అంతా సమానమనే సంఘాల్లో రెండు పడకగదుల వాళ్లు మూడు పడకగదుల వాళ్ల గోడలకు రంగు వేయిస్తున్నారు.

చివరగా నివేదిక ఒక్క పేజీ దాటకూడదు. రాబడి, ఖర్చు, బకాయిలు, తేలని తేడాలు, తనిఖీ చేసిన ఇద్దరి సంతకాలు ఉంటే చాలు. కార్యవర్గం కాగితాలే చూపకపోతే గుర్తుచేస్తూ రెండవ లేఖ ఇచ్చి, సంఘం 2001 చట్టం కిందిదైతే సెక్షన్ 23 ప్రకారం మధ్యవర్తిత్వానికి వెళ్లవచ్చు, లేదా జిల్లా కోర్టులో దరఖాస్తు చేయవచ్చు. మొదటి లేఖ మీద తీసుకున్న సంతకం పనికివచ్చేది అప్పుడే. కాగితాలు చూపితే మాత్రం, నివేదికను సమావేశానికి వారం ముందే లిఫ్ట్ పక్కన, అద్దెకున్నవారు కూడా చదవగలిగే ఎత్తులో అంటించి, మరుసటి ఏడాది నివేదిక వచ్చేవరకు తీయకుండా ఉంచాలి.