పాత బైక్ క్లచ్, గేర్‌బాక్స్ చూసే ముందు జాగ్రత్తలు

బెంగళూరు సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో రోజూ హాఫ్ క్లచ్ మీద, అంటే క్లచ్ సగం నొక్కి నడిపితే ప్లేట్లు అరగక ఏం చేస్తాయి! అయినా ఇంజిన్ విప్పే ముందు ఇవి చూసుకోండి.

– సెల్లార్‌లో ఇంజిన్ ఆన్‌లో ఉంచొద్దు, ఆ పొగ ప్రాణాంతకం.

– ముందు కేబుల్. క్లచ్ లివర్ కొస దగ్గర 10 నుంచి 20 మి.మీ. వదులు చాలా బండ్లకు సరిపోతుంది, మీ మాన్యువల్‌లో సరిచూసుకోండి. వదులే లేకపోతే కొత్త ప్లేట్లు కూడా జారతాయి. కేబుల్ చూడకుండా ప్లేట్లు కొన్నవాళ్లలో నేనూ ఒకడిని.

– ఇంజిన్ ఆయిల్ డబ్బా మీద జాసో ఎంఏ (JASO MA, బైక్ క్లచ్‌కు సరిపడే ఆయిల్ అనే గుర్తు) అని ఉందా? కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారొచ్చు.

– టాప్ గేర్‌లో యాక్సిలరేటర్ తిప్పితే మోత పెరిగి, వేగం పెరగకపోతే క్లచ్ జారుతున్నట్టే. ఈ పరీక్ష ఔటర్ రింగ్ రోడ్డు మీద వద్దు, ఆదివారం పొద్దున్నే ఖాళీ రోడ్డు చూసుకోండి.

– గేర్ జారినట్టు టక్కుమంటే అది చైన్ కావచ్చు. స్ప్రాకెట్ (చైన్ తిరిగే చక్రం) పళ్లు చూడండి, ఇంజిన్ ఆపాకే.

– ఆయిల్ గోరువెచ్చగా ఉన్నప్పుడే డ్రెయిన్ చేయండి, మరిగేది పడితే బొబ్బలే. అందులో అయస్కాంతం తిప్పండి. మెత్తని బూడిదరంగు ముద్ద కాస్త అంటుకుంటే మామూలే. గోటికి తగిలే ఇనుప ముక్క వస్తే మాత్రం బండి మళ్లీ స్టార్ట్ చేయకండి.