విదేశాల్లో ఇంగ్లీషు టీచరు ఉద్యోగం – మూడో పాఠం: కాగితాల వరస, పది నిమిషాల డెమో

మొదటి రెండు పాఠాల్లో 120 గంటల టెఫెల్ కోర్సు (ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లకు ఇంగ్లీషు నేర్పే శిక్షణ), రెజ్యూమె అయిపోయాయి. ఇక కాగితాలు. అయితే ఏ కాగితాలు కావాలో చెప్పేది దేశం కాబట్టి దాని సంగతి ముందు తేల్చుకోండి.

మన చేతిలో ఉన్నది భారత పాస్‌పోర్టు. దక్షిణ కొరియాలో ఇంగ్లీషు టీచర్లకు మామూలుగా ఇచ్చే ఈ-2 వీసా అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఐర్లండ్, దక్షిణాఫ్రికా వాళ్లకే. భారత్, కొరియాల మధ్య 2010 నుంచి అమల్లో ఉన్న సెపా వాణిజ్య ఒప్పందం కింద మనకూ ఓ సందు ఉంది గానీ, దానికి డిగ్రీతో పాటు ఇంగ్లీషు టీచరుగా అర్హత పత్రం చూపాలి. టెఫెల్ ఒక్కటే చాలదు. చైనాలో ఇంగ్లీషు మాతృభాషగా ఉన్న దేశాల వాళ్లకే పెద్దపీట. కొత్తవాళ్లు దరఖాస్తులు పెట్టదగ్గవి థాయ్‌లాండ్, వియత్నాం, కంబోడియా. బి.ఎడ్. ఉంటే గల్ఫ్‌లోని సీబీఎస్‌ఈ బడులు కూడా. థాయ్ బడులు మే నెల మధ్యలో తెరుస్తారు, రెండో సెమిస్టరు నవంబరులో మొదలు. కనుక ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా, మళ్లీ సెప్టెంబరు, అక్టోబరుల్లో వెతకాలి. అక్కడ మనలాంటివాళ్లను టోయిక్ అనే ఇంగ్లీషు పరీక్షలో స్కోరు 600 అడగడం మామూలు. ఆ స్కోరు రెండేళ్లే చెల్లుతుంది, మరీ ముందుగా రాసి పెట్టుకోకండి.

కాగితాల వరస

చెన్నైలో ఉంటున్న తెలుగువాళ్లు ఎక్కువగా తడబడేది డిగ్రీ దగ్గర. ఉంటున్నది వడపళనిలో కదా అని తమిళనాడు ఉన్నత విద్యాశాఖకు వెళితే పని కాదు. డిగ్రీ ఏ రాష్ట్రంలోదో ఆ రాష్ట్ర విద్యాశాఖే దాన్ని ధ్రువీకరించాలి. నాగార్జున డిగ్రీకి ఆంధ్రప్రదేశ్, ఉస్మానియా డిగ్రీకి తెలంగాణ, మద్రాసు విశ్వవిద్యాలయం డిగ్రీకైతేనే తమిళనాడు. ఆ ముద్ర పడ్డాకే విదేశాంగ శాఖ. దానికి ఢిల్లీ దాకా పోనక్కర్లేదు, చెన్నైలోనూ ఆ సేవ ఉంది. కాగితాలు తీసుకునేది ఆ శాఖ నియమించిన ఏజెన్సీలు. వెళ్లే దేశం అపోస్టిల్ ఒప్పందంలో (ఒక దేశం ధ్రువీకరించిన కాగితాన్ని మరో దేశం నేరుగా ఒప్పుకునే ఏర్పాటు) ఉంటే ఒక స్టిక్కరుతో పని అయిపోతుంది, దాని ప్రభుత్వ రుసుం కాగితానికి 50 రూపాయలు. ఒప్పందంలో లేని దేశమైతే మామూలు అటెస్టేషన్, ఆ పైన ఆ దేశపు ఎంబసీ ముద్ర కూడా. యూఏఈది ఈ రెండో దారే.

డిగ్రీ తిరిగొచ్చేయడానికి మూడు కారణాలు. ప్రొవిజనల్ (తాత్కాలిక) సర్టిఫికెట్ పెట్టడం ఒకటి. కాన్వొకేషన్ పట్టా ఇంకా తీసుకోకపోతే ఈ వారమే విశ్వవిద్యాలయానికి దరఖాస్తు పెట్టండి. లామినేషన్ మరొకటి: ముద్ర వేయాల్సింది కాగితం మీద, ప్లాస్టిక్ మీద కాదు. మూడోది మన ఇంటిపేర్ల తంటా. మార్కుల మెమోలో ఇంటిపేరు మొదట పొడి అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో అదే పూర్తిగా విప్పి సర్‌నేమ్ గడిలోకి వెళుతుంది. పెళ్లయ్యాక పాస్‌పోర్టు మార్పించుకున్న ఆడవాళ్లకైతే అసలు వేరే ఇంటిపేరే. మనకిది వింతగా అనిపించదు. హనోయ్‌లోనో బ్యాంకాక్‌లోనో గుమాస్తాకు మాత్రం వీళ్లు ఇద్దరు మనుషులు. రెండు పేర్లూ ఒకరివేనని నోటరీ అఫిడవిట్ ఇప్పుడే చేయించి డిగ్రీతో జతచేయండి. రెజ్యూమెలో, ఈమెయిల్‌లో, టెఫెల్ సర్టిఫికెట్‌లో పాస్‌పోర్టు పేరే అక్షరం పొల్లుపోకుండా ఉండాలి.

పోలీస్ క్లియరెన్స్ (మీ మీద కేసులు లేవనే పత్రం) అన్నిటికన్నా చివర. డిగ్రీ మీద ముద్ర పాతబడదు గానీ, దీన్ని చాలా చోట్ల ఆరు నెలల లోపుదే, కొన్నిచోట్ల మూడు నెలల లోపుదే అడుగుతారు. ఆఫర్ చేతికొచ్చాక పాస్‌పోర్టు సేవా పోర్టల్లో 500 రూపాయలు కట్టి సాలిగ్రామం, అమింజికరై, తాంబరం కేంద్రాల్లో ఒకచోట అపాయింట్‌మెంట్ తీసుకోవచ్చు. అద్దె ఇంట్లో ఉంటే ఓ మాట: ఇంటి ఓనరు స్టాంపు కాగితం మీద రాసిచ్చిన ఒప్పందం చెల్లదు, రిజిస్టరయిందే కావాలి. అది లేకపోతే ఫొటో ఉన్న బ్యాంకు పాస్‌బుక్కులో ఇప్పటి చిరునామా వేయించుకుని వెళ్లండి.

డెమో

బడివాళ్లు వీడియో కాల్‌లో పది నిమిషాల పాఠం అడుగుతారు. మనవాళ్లు చాలామంది అక్కడ వ్యాకరణం వివరించడం మొదలుపెడతారు. వాళ్లకు కావాల్సింది అది కాదు, పిల్లల చేత మాట్లాడించడం. పది నిమిషాల్లో మీ గొంతు నాలుగు నిమిషాలు దాటకూడదని పెట్టుకోండి.

ఒక ఉదాహరణ. బోర్డు మీద ‘ఐ యూజ్డ్ టు లివ్ ఇన్ నెల్లూరు’ అని రాశారు. ‘అండర్‌స్టాండ్?’ అని అడిగితే అర్థం కాని పిల్లవాడు కూడా ‘యెస్’ అంటాడు. దానికి బదులు ఇలా అడగండి. ‘డూ ఐ లివ్ ఇన్ నెల్లూరు నౌ?’ – నో. ‘డిడ్ ఐ లివ్ దేర్ బిఫోర్?’ – యెస్. ‘ఫర్ జస్ట్ వన్ డే?’ – నో. మూడు జవాబులూ సరిగ్గా వస్తే అర్థమైనట్టే. మన ‘ఉండేవాణ్ణి’లో ఉన్నది సరిగ్గా ఇదే భావం, అందుకే ఇది మనకు తేలిక. బొమ్మతో సందర్భం చూపడానికి రెండు నిమిషాలు, ఈ ప్రశ్నలకు రెండు, అందరిచేతా అనిపించడానికి రెండు, మిగతా నాలుగూ జంటలుగా మాట్లాడుకోవడానికి.

ఉచ్చారణలో మన అసలు చిక్కు ‘వ’. ద్రాక్షతీగనూ ద్రాక్షసారానూ ఇంగ్లీషులో వేరువేరుగా పలుకుతారు. తెలుగు లిపిలో రెండూ ‘వైన్’లే, నోట్లోనూ రెండూ ఒకటే అయిపోతాయి. తీగకు పైపళ్లు కింది పెదవిని తాకాలి. సారాకు పెదవులు ఈల వేసేటప్పటిలా గుండ్రంగా చుట్టుకోవాలి, పళ్లు తగలకూడదు. అద్దం ముందు చేయండి, తేడా కంటికే కనిపిస్తుంది. ‘జూ’లో జకారం తుమ్మెద ఝుంకారంలా సాగాలి, ‘జామపండు’లో జ కాదు. ‘ఐ యామ్ హేవింగ్ టూ సిస్టర్స్’, ‘ఎనీ డౌట్స్?’ అంటే చెన్నైలో ఎవరూ పట్టించుకోరు, అక్కడ మాత్రం వెంటనే పట్టుకుంటారు. ‘ఐ హావ్’ అనండి, ‘ఎనీ క్వశ్చన్స్?’ అనండి.

ఏజెంట్ల విషయం

1983 వలసల చట్టం కింద విదేశీ ఉద్యోగాలకు మనుషుల్ని పంపే ఏజెంటు రిజిస్టరై ఉండాలి. ఆ రిజిస్ట్రేషన్ నంబరు ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ పోర్టల్లో వెతికి చూడండి. ఏజెంటు మీ దగ్గర తీసుకోగల సర్వీసు చార్జీ గరిష్ఠంగా 30,000 రూపాయలు, పైన జీఎస్టీ. ‘ముందు టూరిస్టుగా వెళ్లండి, వర్క్ పర్మిట్ అక్కడ చూసుకుందాం’ అంటే అక్కడితో మాటలు ఆపేయండి. వీసా లేకుండా దేశంలోకి రానిచ్చినా పని చేయనిచ్చినట్టు కాదు. డెమో అడక్కుండా, బడి పేరు చెప్పకుండా, థాయ్‌లాండ్‌లో దిగాక మయన్మార్ సరిహద్దులోని మే సోట్‌కు రమ్మంటే అది టీచరు ఉద్యోగం కానే కాదు. ఇంగ్లీషు వచ్చినవాళ్లను సైబర్ మోసాల డెన్లకు చేర్చే దారి అది.

వచ్చే పాఠంలోపు చేయాల్సినవి: డిగ్రీ, పదో తరగతి మెమో, పాస్‌పోర్టు పక్కపక్కన పెట్టి మూడింటిలో మీ పేరు ఎలా ఉందో ఒక కాగితం మీద రాయండి. పైన చెప్పిన ‘యూజ్డ్ టు’ పాఠాన్ని ఫోన్‌లో రికార్డు చేసి, మీరు ఎన్ని నిమిషాలు మాట్లాడారో గడియారం పెట్టి లెక్కించండి. వచ్చే పాఠం కాంట్రాక్టు మీద: జీతం, సెలవులు, ఇంటి అద్దె, మధ్యలో మానేస్తే కట్టాల్సిన సొమ్ము.