మైనర్ సెవెంత్ ఆర్పెజియో సాధన: ఐదో ఫ్రెట్ నుంచి మొదలుపెడదాం

ఒక కార్డ్‌లోని (కలిసి మోగే స్వరాల గుంపులోని) స్వరాలను గిటార్‌పై ఒకదాని తర్వాత ఒకటిగా మీటడమే ఆర్పెజియో. కర్ణాటక సంగీతం కొంత తెలిసినవారికి మైనర్ సెవెంత్ ఆర్పెజియో కొత్తది కాదు. షడ్జమం, సాధారణ గాంధారం, పంచమం, కైశికి నిషాదం, ఈ నాలుగే దాని స్వరాలు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ సృష్టించిన మహతి రాగంలోని అంతర గాంధారాన్ని ఒక్క ఫ్రెట్ (గిటార్ మెడపై అడ్డంగా ఉండే లోహపు మెట్టు) దూరం తగ్గిస్తే ఇదే వస్తుంది కనుక, హనుమకొండలో మా ఇంటికి నేర్చుకోవడానికి వచ్చే పిల్లలచేత గిటార్ పట్టకముందే వీటిని పాడిస్తాను.

ఎ మైనర్ సెవెంత్ తీసుకుందాం. స్వరాలు ఎ, సి, ఇ, జి. అన్నిటికన్నా లావుగా ఉండే ఆరో తీగపై 5, 8 ఫ్రెట్లు, ఐదో తీగపై 7, నాలుగో తీగపై 5, 7, మూడో తీగపై 5, రెండో తీగపైనా ఒకటో తీగపైనా 5, 8 వరుసగా మీటాలి. ఐదో ఫ్రెట్‌కు చూపుడువేలు, ఏడుకు ఉంగరపువేలు, ఎనిమిదికి చిటికెనవేలు.

అసలు కష్టం మూడో తీగ నుంచి రెండో తీగకు మారేచోట ఉంది. రెండుచోట్లా చూపుడువేలే కనుక, దాన్ని ఎత్తి మళ్లీ పెడితే నాదం తెగుతుంది, అలాగే అదిమి ఉంచితే ముందరి స్వరం కూడా మోగుతూ కార్డ్‌లా వినిపిస్తుంది. అందుచేత మూడో తీగను వేలి కొసతో నొక్కి, రెండో తీగను మీటే క్షణంలో వేలిని కొద్దిగా చదునుగా దొర్లిస్తూ కొసను తేలిక చేయాలి. ఈ ఒక్క కదలికకే నేను వారం రోజులు కేటాయిస్తాను.

మెట్రోనోమ్‌ను (తాళం దెబ్బలు సమానంగా వినిపించే పరికరాన్ని) నిమిషానికి 60 దెబ్బల దగ్గర ఉంచి దెబ్బకొక స్వరం చొప్పున ఎక్కుతూ దిగుతూ వాయించండి. చేయి కుదిరాక ఇదే అమరికను పదో ఫ్రెట్‌కు జరిపితే డి మైనర్ సెవెంత్ అవుతుంది.