స్టార్ట్ కాని కారు కొన్నారా? పేరు మార్పిడి, ఎన్‌వోసీ, ఇంటికి తరలింపు: దరఖాస్తు విధానం

నడిచే కారు కొంటే తాళం తీసుకుని బయల్దేరతాం, కాగితాల సంగతి తర్వాత చూసుకుంటాం. స్టార్ట్ కాని కారుకు ఆ వరస పనికిరాదు. దాన్ని లారీ ఎక్కించి మూడు వందల కిలోమీటర్లు తెచ్చుకున్నాక అమ్మినాయన సంతకం కావాల్సి వచ్చిందనుకోండి, ఆయన ఫోన్ ఎత్తితే మీ అదృష్టం. అందుకే బండికి తాడు కట్టకముందే రవాణా శాఖ పని మొదలుపెట్టాలి.

బేరం కుదిరే ముందు రవాణా శాఖ వారి పరివాహన్ సైట్‌లో గానీ ఎంపరివాహన్ యాప్‌లో గానీ బండి నంబర్ కొట్టి చూడండి. ఆర్‌సీ ఎవరి పేరున ఉంది, ఎప్పటిదాకా చెల్లుతుంది, ఫైనాన్స్ ఉందా, ఇన్సూరెన్స్ ఉందా, ఇవన్నీ తెలుస్తాయి. ఈ-చలాన్ సైట్‌లో పెండింగ్ చలాన్లు కూడా చూసుకోండి. "ఎప్పుడో తీర్చేశాం" అని చెప్పే లోను ఆర్‌సీలో ఇంకా కనిపిస్తుంటే బ్యాంకు ఇచ్చే నో డ్యూస్ లెటర్ ఒక్కటే సరిపోదు. బ్యాంకు, ఓనరు ఇద్దరూ సంతకం చేసిన ఫారం 35 పెట్టి హైపోథికేషన్ (ఆర్‌సీలో ఉన్న లోను ఎంట్రీ) తీయించాలి. ఆ పని అమ్మే ఆయనే చేయించి ఇవ్వాలి, మీరు నెత్తికెత్తుకోకండి.

ఏ ఫారం ఎందుకు

అమ్మినవారు, కొన్నవారు ఒకే రాష్ట్రంలో ఉంటే ఫారం 29, ఫారం 30 చాలు. 29 అంటే అమ్మినట్టు ఓనరు ఇచ్చే సమాచారం, రెండు కాపీలు. 30 అంటే పేరు మార్చమని దరఖాస్తు, ఇందులో ఇద్దరూ సంతకం పెట్టాలి. మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం అమ్మినవారికి 14 రోజులు, కొన్నవారికి 30 రోజుల గడువు ఉంది.

బండి వేరే రాష్ట్రానిదైతే ఫారం 28 కూడా కావాలి. అదే ఎన్‌వోసీ (బండిని వేరే రాష్ట్రానికి మార్చడానికి అభ్యంతరం లేదని ఆఫీసు ఇచ్చే కాగితం) దరఖాస్తు. పాత రాష్ట్రంలో బండి రిజిస్టర్ అయిన ఆఫీసులోనే దీన్ని పెట్టాలి. అమ్మినవారికి గడువు ఇక్కడ 45 రోజులు. 30 రోజుల్లోగా ఆఫీసు తిరస్కరించకపోతే ఎన్‌వోసీ ఇచ్చినట్టే లెక్క అని 48వ సెక్షన్ చెబుతుంది. చట్టం సంగతి అలా ఉంచితే, ఎన్‌వోసీ సిస్టమ్‌లో కనపడకుండా మీ ఊరి ఆఫీసులో ఫైలు కదులుతుందని ఆశ పెట్టుకోకండి.

ఓనరు చనిపోయి, వారసుల దగ్గర కొంటుంటే ముందు ఫారం 31తో బండి వారసుల పేరుకు మారాలి, ఆ తర్వాతే మీ పేరుకు. షెడ్డులో ఏళ్ల తరబడి ఆగిపోయిన కార్లలో ఇలాంటివి చాలా ఉంటాయి. "నాన్నగారి బండి" అనే మాట వినగానే ఆర్‌సీ అడగండి. ప్రభుత్వ వేలంలో కొంటే ఫారం 32. సెకండ్‌హ్యాండ్ డీలరు దగ్గర కొంటే, ఓనరు నుంచి బండి డీలరు చేతికి వచ్చినట్టు తెలిపే ఫారం 29సీ సమాచారం ఆర్టీవో దగ్గర నమోదైందో లేదో అడగండి. ఈ పద్ధతి 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది.

ఆన్‌లైన్ దరఖాస్తు: ఓటీపీ ఆయనకే వస్తుంది

పరివాహన్‌లో వాహన సేవల్లోకి వెళ్లి రాష్ట్రం ఎంచుకుని, బండి నంబర్, చాసిస్ నంబర్‌లోని చివరి 5 అక్షరాలు కొట్టాలి. అప్పుడు ఓటీపీ వస్తుంది, అదీ ఆర్‌సీకి లింకైన మొబైల్‌కి. అంటే అమ్మినాయనకి. చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు. ఆ నంబర్ ఆయన మార్చేసి ఉంటే ముందు మొబైల్ నంబర్ అప్‌డేట్ చేయించాలి. కాబట్టి డబ్బు మొత్తం ఇచ్చేసే లోపు, ఆయన పక్కన కూర్చుని ఉండగానే, దరఖాస్తు పెట్టి ఫీజు కట్టి అప్లికేషన్ నంబర్ వచ్చేదాకా కదలొద్దు. ఫారాలు సైట్ నుంచే వివరాలతో ప్రింట్ అవుతాయి, సంతకాలు అక్కడికక్కడే పెట్టించుకోండి. కొన్ని రాష్ట్రాల్లో స్లాట్ బుక్ చేసుకుని ఆఫీసుకు వెళ్లాలి, కొన్నిచోట్ల ఆధార్‌తోనే పని అవుతుంది.

జత చేయాల్సినవి: ఒరిజినల్ ఆర్‌సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, ఇద్దరి గుర్తింపు, మీ అడ్రస్ ప్రూఫ్, పాన్ (లేకపోతే అది లేదనే డిక్లరేషన్ ఫారం), ఫొటోలు, చాసిస్ పెన్సిల్ ప్రింట్.

ఈ పెన్సిల్ ప్రింట్ గురించి కాస్త చెప్పాలి. చాసిస్ నంబర్ 17 అక్షరాలు. మోడల్‌ని బట్టి ఇంజిన్ వెనక గోడ మీదో, ముందు సీటు కింద కార్పెట్ అడుగునో కొట్టి ఉంటుంది. కిరోసిన్ గుడ్డతో మురికి తుడిచి, పల్చటి కాగితం పెట్టి నాలుగువైపులా టేపు అతికించి, మెత్తటి పెన్సిల్‌ని పక్కకి వాల్చి రుద్దితే అక్షరాలు తేలతాయి. ఆగిపోయిన కార్లలో తుప్పు పట్టి 8 కాస్తా 3లా వస్తుంది. నేను ఒకసారి హడావిడిగా ఒక్క కాపీ తీసుకుని వచ్చేశాను, ఆఫీసులో చదవడం కుదరదన్నారు. మళ్లీ బండి దగ్గరికి వెళ్లాల్సి వచ్చింది. నాలుగైదు కాపీలు తీసుకోండి. ఎంత తుడిచినా నంబర్ తేలకపోయినా, ఆర్‌సీతో కలవకపోయినా ఆ కారు కొనకండి. రేటు ఎంత తక్కువైనా సరే.

స్టార్ట్ కాని బండికి వచ్చే అసలు చిక్కు

పొల్యూషన్ పరీక్ష చేయాలంటే ఇంజిన్ తిరగాలి. తిరగదు కదా! పాత సర్టిఫికెట్‌కి ఇంకా గడువుంటే వెంటనే దరఖాస్తు పెట్టేయండి. గడువు అయిపోయి ఉంటే దారి ఒక్కటే: ఇంజిన్ పనిచేసేలా రిపేరు చేయించి, అప్పుడు పరీక్ష. ఫొటో పంపితే సర్టిఫికెట్ ఇస్తామనేవాళ్లు దొరుకుతారు. ఆ దొంగ కాగితం మీ పేరున ఉన్న బండికే చుట్టుకుంటుంది.

ఆర్‌సీ గడువు ఇంకో చిక్కు. సొంత కారుకు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది, ఆ తర్వాత ఐదేళ్లకోసారి ఫారం 25తో రెన్యూవల్. గడువుకు ముందు 60 రోజుల్లో దరఖాస్తు పెట్టాలి, ఇన్‌స్పెక్షన్‌లో బండి పాస్ కావాలి. 15 ఏళ్లు దాటిన కారు రెన్యూవల్ ఫీజును కేంద్రం 2022 ఏప్రిల్ నుంచి 5 వేలు చేసింది, 20 ఏళ్లు దాటినవాటికి 2025 ఆగస్టులో 10 వేలు చేసింది. రిపేరు ఖర్చుతో పాటు ఇది కూడా లెక్కలో వేసుకున్నాకే బేరమాడండి. విడిభాగాల కోసమే కొంటుంటే పేరు మార్పిడికి తిరగడం దండగ, ఓనరు చేతే రిజిస్ట్రేషన్ రద్దు చేయించడం మేలు.

ఇన్సూరెన్స్ విషయంలో ఎక్కువమంది పొరబడతారు. బండి చేతులు మారితే థర్డ్ పార్టీ కవర్ (ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి) దానితోపాటే వస్తుంది. సొంత డ్యామేజ్ కవర్ అలా రాదు. 14 రోజుల్లోగా కంపెనీకి దరఖాస్తు పెట్టి మీ పేరుకు మార్పించుకోవాలి. ఈ రెండు కవర్లూ ఉన్న మామూలు ప్యాకేజీ పాలసీలో రోడ్డు మీద వేరే వాహనంలో తరలించేటప్పుడు జరిగే డ్యామేజ్ కూడా కవరవుతుంది. కానీ పాలసీ పాత ఓనరు పేరునే ఉండగా కారు లారీ మీంచి జారితే క్లెయిమ్ ఎవరికీ రాదు. ట్రాన్స్‌పోర్టు వాళ్ల దగ్గర ట్రాన్సిట్ ఇన్సూరెన్స్ ఉందా అని అడిగి, ఉందంటే కాగితం చూడండి. నో క్లెయిమ్ బోనస్ మాత్రం అమ్మినాయనదే, మీకు రాదు.

బండి ఎక్కించే రోజు

తాడు కట్టి లాక్కెళ్లడం దగ్గర్లోని మెకానిక్ షెడ్డు దాకానే, రెండు బళ్ల మధ్య 5 మీటర్లకు మించకుండా. ఊరు దాటాలంటే ఫ్లాట్‌బెడ్ (కారును మొత్తంగా పైకెక్కించుకునే లారీ) మాట్లాడుకోండి. ఫోన్లోనే చెప్పాల్సినవి: స్టార్ట్ కాదు, బ్రేకులు పట్టేశాయా లేదా, టైర్లలో గాలి ఉందా, గేర్లు మాన్యువలా ఆటోమేటిక్కా. ఇవి చెప్పకపోతే వించ్ (కారును పైకి లాగే యంత్రం) లేని బండి వస్తుంది, నలుగురు తోసినా చక్రం కదలదు. తాళం తప్పక ఉండాలి, లేకపోతే స్టీరింగ్ లాక్ విడవదు. బ్యాటరీ చచ్చిపోయిన ఆటోమేటిక్ కారు న్యూట్రల్‌లోకి రావాలంటే గేర్ లివర్ పక్కనుండే చిన్న మూత తీసి లోపలి మీట నొక్కాలి. చాలా కార్లలో ఇది ఉంటుంది. టో హుక్ స్టెప్నీ దగ్గర టూల్ కిట్‌లో చూడండి.

ఎక్కించే ముందు నాలుగు వైపులా ఫొటోలు తీసి, ఓడోమీటర్‌తో సహా ట్రాన్స్‌పోర్టు రసీదులో రాయించండి. డ్రైవర్ చేతికి ఆర్‌సీ, ఇన్సూరెన్స్ నకళ్లు, సంతకాలైన ఫారాల నకళ్లు, అమ్మకం ఒప్పందం ఇవ్వండి. జీఎస్టీ ఉన్న డీలరు అమ్మి పంపుతుంటే, విలువ 50 వేలు దాటినప్పుడు ఈ-వే బిల్లు, ఇన్వాయిస్ ఆయనే ఇవ్వాలి. నంబర్ ప్లేట్లు విప్పకండి. తేదీ, టైముతో డెలివరీ నోట్ రాసి ఇద్దరూ సంతకం పెట్టుకోండి. ఆ నిమిషం తర్వాత పడే చలాన్లు ఎవరివో అదే తేల్చాలి.

వేరే రాష్ట్రం బండి ఇంటికి చేరాక

ఎన్‌వోసీ, ఫారం 29, 30తో పాటు కొత్త నంబర్ కోసం ఫారం 27 పెట్టాలి. 12 నెలలు దాటి ఉంచుకునే బండికి ఇక్కడి నంబర్ తప్పనిసరి. బండి వయసును బట్టి లైఫ్ ట్యాక్స్ కడతారు. ఇన్‌స్పెక్షన్ ఉంటుంది కాబట్టి రిపేరు అయ్యాకే స్లాట్ తీసుకోండి. పాత రాష్ట్రంలో కట్టిన ట్యాక్స్‌లో మిగిలిన ఏళ్లకు రీఫండ్ అడిగే వీలు చాలాచోట్ల ఉంది. దానికి కొత్త ఆర్‌సీ కాపీ, పాత ట్యాక్స్ రసీదు కావాలి. ఆ రసీదు కూడా అమ్మినాయన దగ్గరే ఉంటుంది, సంతకాల రోజునే అడిగి తీసుకోండి.