డాక్టరు కోర్టులో సాక్ష్యం ఎలా చెప్పాలి?

సమన్లు రాగానే గాయాల సర్టిఫికెట్, కేసు షీటు, ఎంఎల్‌సి (పోలీసు కేసయ్యే గాయాల) రిజిస్టరు తీయించి ముందురోజు రాత్రి చదువుకోండి. బట్టీ పట్టక్కర్లేదు, జడ్జిగారి అనుమతితో కాగితం చూసి చెప్పొచ్చు. నేరం జరిగిన తేదీ కూడా చూసుకోండి. 2024 జూలై 1 నుంచి గ్రీవియస్ (చట్టం ప్రకారం తీవ్రమైన) గాయం లెక్కలో 20 రోజుల నొప్పి 15 రోజులైంది. పాత కేసులకు పాత లెక్కే.

బస్సులోనో, మీ బండి మీదో వెళ్లండి. కేసులో ఉన్న ఏ పక్షం వాళ్ల కారూ ఎక్కొద్దు. అమలాపురం కోర్టు దగ్గర మీరు ఎవరి కారు దిగారో మధ్యాహ్నానికి ఊరంతా తెలుస్తుంది.

చీఫ్‌లో, అంటే మిమ్మల్ని పిలిపించిన పక్షం మొదట అడిగే ప్రశ్నల్లో, పెద్దగా ఏమీ ఉండదు. పీపీగారు (ప్రభుత్వ లాయరు) అడిగింది చెప్పాలి, అంతే.

అసలు తంటా క్రాస్‌లో, అంటే ఎదుటి లాయరు అడిగే ప్రశ్నల్లో. చాలామంది చెడగొట్టేది ఇక్కడే. డిఫెన్స్ లాయరుగారు మెత్తగా అడుగుతారు: "డాక్టరుగారూ, కొబ్బరిచెట్టు మీంచి పడినా తలకి ఇలాంటి దెబ్బ తగలొచ్చు కదండీ?" తగలొచ్చు. నిజమే కాబట్టి ఒప్పుకోవాలి, పోలీసులకు కోపం వస్తుందని దాచకూడదు. కానీ "తగలొచ్చండీ" అని ఊరుకుంటే రికార్డులోకి ఆ ముక్క ఒక్కటే ఎక్కుతుంది. రెండు ముంజేతుల మీదా కత్తిగాట్లున్నాయని, అవి చెట్టు మీంచి పడితే వచ్చేవి కావని మీకు తెలుసు, కాగితానికి తెలియదు. అందుకే జవాబును విడదీయకుండా ఒకే వాక్యంలో చెప్పండి: "ఒకటో గాయం పడినా రావచ్చు, రెండో గాయం, మూడో గాయం అలా రావు." లాయరు మధ్యలో ఆపితే గొంతు పెంచకుండా జడ్జిగారి వైపు తిరిగి, "జవాబు పూర్తి కాలేదండీ" అనండి. సంతకం పెట్టేముందు డిపోజిషన్ (కోర్టు రాసుకున్న మీ సాక్ష్యం) చదవండి. మీ రెండో సగం అందులో లేకపోతే అప్పుడే చెప్పి రాయించాలి. ఇంటికెళ్లాక గుర్తొస్తే లాభం లేదు.

కొందరు సీనియర్లు అన్నిటికీ "గుర్తులేదండీ" అంటే గొడవుండదంటారు. అది గొర్రెతోక పట్టుకుని గోదారి ఈదడమే. రిపోర్టు మీ చేతిరాతలో ఎదురుగా ఉంటే గుర్తులేదనడం ఏంటి?

కాలువలో తేలిన శవం కేసుల్లో ఇంకా జాగ్రత్త. నీళ్లలో మునిగి చనిపోయాడని శవం చెప్పగలదు. జారి పడ్డాడా, తోశారా అన్నది చాలాసార్లు చెప్పలేదు. అప్పుడు "పోస్ట్‌మార్టంలో తేలదు" అనండి. అదీ నిపుణుడి జవాబే.

తోటి డాక్టరు మీద నిర్లక్ష్యం కేసులో అభిప్రాయం అడిగితే, మీ స్పెషాలిటీ అయితేనే ఒప్పుకోండి. ఫైలంతా చదవకుండా మాటివ్వొద్దు. ఫీజు ముందే మాట్లాడుకోవాలి, గెలిస్తే ఇంత అన్న బేరం పనికిరాదు. "నేనైతే ఇంకోలా చేసేవాణ్ని" అన్నంతమాత్రాన అది నిర్లక్ష్యం కాదు. 2005లో జాకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు పెట్టిన కొలత కూడా మామూలు నైపుణ్యమున్న డాక్టరుదే, అందరికన్నా గొప్ప డాక్టరుది కాదు.

పనైపోయాక బెంచి క్లర్కు దగ్గర హాజరు సర్టిఫికెట్ తీసుకుని వచ్చేయండి. లాయర్లతో టీ మాత్రం వద్దు, ఏ పక్షం వాళ్లయినా సరే.