రంజాన్‌కి ఖర్జూరాలు కొంటున్నారా, ముందు ఈ లెక్క చూస్కోండి

రంజాన్‌కి ఇంకా నెల ఉందనంగానే మా ఇంట్లో ఖర్జూరాల పంచాయితీ మొదలవుతుంది. అమ్మీ ఏమో అయిదు కిలోలు తెమ్మంటుంది, ఇంటికొచ్చేవాళ్ళకి, పక్కింటోళ్ళకి, మసీదుకి పంపే ప్లేటుకి అన్నీ కలిపి. నేనేమో ఇంట్లో ఇద్దరికి షుగర్ ఉంది కదా, కొంచెం తగ్గిద్దాం అంటాను. దానికి మా మామూ దగ్గర జవాబు ఎప్పుడూ రెడీ, "ఖజూర్‌తో షుగర్ పెరగదు రా, అది అల్లా ఇచ్చిన తీపి" అని. ఈ మాట మామూ ఒక్కడిదే కాదు, చాలామంది ఇళ్ళల్లో ఇదే మాట, అందుకే ఈసారి సీజన్ మొదలవకముందే రాస్తున్నా.

కొన్నేళ్ళ కింద ఏమైందంటే, దుబాయ్ నుంచి ఎవరో చుట్టాలు మెడ్జూల్ ఖర్జూరాల బాక్స్ తెచ్చారు, ఒక్కోటీ బొటనవేలంత లావు, తోలు మెరుస్తా ఉంది. అజాన్ అవ్వంగానే మామూ మూడు తిన్నారు, దాని మీద ఎర్ర షర్బత్ ఒక గ్లాసు, పుచ్చకాయ ముక్కలు, రెండు మిర్చి బజ్జీలు, కాసేపాగి ఒక గిన్నె హలీమ్. రంజాన్ రాత్రుళ్ళు చేసే తరావీహ్ నమాజ్ మధ్యలోనే ఇంటికొచ్చేసి ఒకటే దాహం, ఒకటే బాత్రూం. షుగర్ మీటర్ పెట్టి చూస్తే 342. "మామూ, ఎన్ని తిన్నారు?" అంటే "మూడే తిన్నా రా, బేసి లెక్కలో తినాలి కదా" అన్నారు. అబద్ధం కాదు, మూడే తిన్నారు.

మర్నాడు నేను కిచెన్‌లో తూకం మిషన్ పెట్టి గింజ తీసేసి తూచా. మెడ్జూల్ ఒకటి 24 గ్రాములు, మేం మామూలుగా తెచ్చే చిన్న రకం ఒకటి 8 గ్రాములు. అంటే మామూ తిన్న మూడు, చిన్నవాటి లెక్కలో తొమ్మిది అన్నమాట. మెడ్జూల్ ఒక్కదాంట్లోనే దగ్గర దగ్గర 18 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది, అందులో 16 గ్రాములు చక్కెరే, టీ చెంచాతో కొలిస్తే మూడు నాలుగు చెంచాలు. మూడు తింటే ఒక పెద్ద కప్పు అన్నం తిన్నట్టే, ఇంకా షర్బత్ లెక్కలోకి రాకముందే. అందుకే "రోజుకి ఇన్ని తినొచ్చు" అని ఎవరైనా నంబర్ చెప్తే ముందు ఏ రకం అని అడగండి, రకం చెప్పకుండా నంబర్ చెప్తే దానికి అర్థం లేదు.

ఇట్లా అన్నానని ఖర్జూరం చెడ్డదని కాదు. పీచు ఉంటుంది, వంద గ్రాములకి 6 గ్రాముల పైనే, అందుకే మలబద్ధకం ఉన్నోళ్ళకి పని చేస్తుంది, దాని గ్లైసీమిక్ ఇండెక్స్, అంటే రక్తంలో షుగర్‌ని ఎంత తొందరగా పెంచుతుందనే లెక్క, అది కూడా తెల్లన్నం కంటే తక్కువే. పొద్దున్నుంచి ఏమీ తినని ఒంటికి తొందరగా శక్తి అందుతుంది, నోట్లో నీళ్ళూరి, ఆకలి మీద గబగబా తినే ఊపు కొంచెం తగ్గుతుంది. ఉపవాసం ఖర్జూరంతోనో నీళ్ళతోనో విడవమన్న సున్నత్‌లో, అంటే ప్రవక్త చూపిన పద్ధతిలో, ఆరోగ్యం పరంగా కూడా తప్పు పట్టేదేం లేదు. తప్పంతా ఖర్జూరం పక్కన మనం పరిచి పెట్టుకునే మిగతా తిండిది, అదే దస్తర్‌ఖాన్‌ది.

షుగర్ ఉండి రోజా, అంటే ఉపవాసం, ఉండాలనుకునేవాళ్ళు చేయాల్సిన మొదటి పని ఖర్జూరాలు కొనడం కాదు, డాక్టర్ దగ్గరికి పోవడం, అదీ నెలవంక కనిపించాక కాదు, ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే. గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ గోళీలు, ఇన్సులిన్ వాడేవాళ్ళకి పగలు షుగర్ పడిపోయే ప్రమాదం ఎక్కువ, అందుకని డోసు, టైము రెండూ మార్చాల్సి రావొచ్చు, పొద్దుటి గోళీని తెల్లవారకముందు తినే సహర్‌కి, సాయంత్రం గోళీని ఇఫ్తార్‌కి అని మనకి మనం మార్చేస్కోవద్దు. టైప్ 1 వాళ్ళు, డయాలసిస్ మీద ఉన్నోళ్ళు, కడుపుతో ఉండి షుగర్ ఉన్నోళ్ళు అయితే అసలు ఉండొచ్చా లేదా అన్నదే ముందు అడగాలి. జబ్బుతో ఉన్నోళ్ళకి సడలింపు ఖురాన్‌లోనే ఉంది, సూరా బఖరాలో, తర్వాత ఉండొచ్చు, అసలు ఉండలేకపోతే ఫిద్యా, అంటే దానికి బదులు పేదలకి తిండి, ఇవ్వొచ్చు. ఈ సంగతి పెద్దోళ్ళకి మనం చెప్తే వినరు, మసీదులో ఇమామ్ సాబ్‌తో చెప్పిస్తే వింటారు, మా ఇంట్లో అట్లాగే పని అయింది.

రెండు నంబర్లు ఫ్రిజ్ మీద రాసి అంటించండి, 70, 300. షుగర్ 70 కంటే కిందకి పోయినా, 300 దాటినా రోజా విడిచేయాల్సిందే, ఇంకో గంటే ఉంది కదా, అరగంటే ఉంది కదా అని లాగొద్దు. వేలికి సూది గుచ్చి చూస్కుంటే రోజా పోతుందేమో అని భయపడేవాళ్ళు ఇంకా ఉన్నారు, పోదు అనే చెప్తారు ఆలిములు, అంటే మత పండితులు, అనుమానం ఉంటే మీ దగ్గర వాళ్ళని ఇప్పుడే అడిగి పెట్టుకోండి, ఆ టైములో కాదు. సహర్‌కి ముందు, మధ్యాహ్నం, ఇఫ్తార్‌కి ముందు, ఇఫ్తార్ అయిన రెండు గంటలకి చూస్కుంటే మన ఒంటి లెక్క మొదటి వారంలోనే తెలిసిపోతుంది. స్ట్రిప్పులు ఒక డబ్బా ఎక్స్‌ట్రా కొనండి, ఎక్స్‌పైరీ కూడా చూసి కొనండి.

చెమటలు, చేతులు వణకడం, గుండె దడ, మాట తడబడ్డం, ఊరికే చిరాకు పడ్డం, ఇవి షుగర్ పడిపోతున్న గుర్తులు, సాయంత్రం నాలుగు అయిదింటి మధ్య ఇంట్లో పెద్దాయన ఊరికే కసురుకుంటుంటే కోపం తెచ్చుకోకుండా ముందు మీటర్ తీయండి. అప్పుడు ఖర్జూరం కంటే చక్కెర నీళ్ళో గ్లూకోజ్ పొడో తొందరగా పని చేస్తుంది, ఎందుకంటే ఖర్జూరం నమలాలి, పైగా పీచు. మూడు నాలుగు చెంచాల చక్కెర నీళ్ళల్లో కలిపి తాగించి పదిహేను నిమిషాల్లో మళ్ళీ చెక్ చేయండి. అవేమీ దొరక్కపోతే మూడు చిన్న ఖర్జూరాలు. స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం ఏదీ పెట్టొద్దు, ఖర్జూరం అస్సలొద్దు, గొంతుకి అడ్డం పడుతుంది, 108కి ఫోన్ చేయండి.

ఇప్పుడు కిడ్నీ వాళ్ళ సంగతి, దీని గురించి ఎవరూ చెప్పరు. ఖర్జూరంలో పొటాషియం బాగా ఎక్కువ, మెడ్జూల్ అయితే వంద గ్రాములకి 700 మిల్లీగ్రాముల దాకా. మంచి కిడ్నీలకి అది మేలే, పాడైన కిడ్నీలు దాన్ని బయటికి పంపలేవు, రక్తంలో పొటాషియం పెరిగితే గుండె కొట్టుకునే తీరే మారిపోతుంది. కిడ్నీ టెస్టులో క్రియాటినిన్ ఎక్కువుంది అన్నోళ్ళు, కొన్ని రకాల బీపీ గోళీలు వాడేవాళ్ళు డాక్టర్‌ని ఒక్క ముక్క అడిగాకే ముట్టుకోండి. "డ్రై ఫ్రూట్సే కదా, బలం" అని హాస్పిటల్‌కి పరామర్శకి వెళ్తూ బాక్స్ పట్టుకుపోయే అలవాటు కూడా మానుకుంటే మంచిది.

రక్తం పడుతుంది అని తినేవాళ్ళు ఇంకో బ్యాచ్. నేనూ చాన్నాళ్ళు అదే నమ్మా. వంద గ్రాముల ఖర్జూరంలో ఉండే ఐరన్ దగ్గర దగ్గర 1 మిల్లీగ్రామే. మన హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం ఆడవాళ్ళకి రోజుకి కావాల్సింది 29 మిల్లీగ్రాములు. అంటే హిమోగ్లోబిన్ 8 ఉన్న అమ్మాయికి రోజూ నాలుగు ఖర్జూరాలు పెట్టి పని అయిపోయింది అనుకుంటే ఆ అమ్మాయికి అన్యాయం చేసినట్టే, టెస్టు చేయించి ఐరన్ గోళీలు వేయించాలి, ఆకుకూరలు, మాంసం, పప్పులు పెట్టాలి. ఇఫ్తార్ అయిన వెంటనే ఇరానీ చాయ్ తాగే అలవాటు ఉంటే తిన్నదాంట్లో ఉన్న కాస్త ఐరన్ కూడా ఒంటికి పట్టదు, ఒక గంట ఆగి తాగండి. నిమ్మకాయ నీళ్ళు పక్కన పెట్టుకుంటే నయం, చక్కెర లేకుండా.

కడుపుతో ఉన్నోళ్ళకి ఆఖరి నెలలో ఖర్జూరం మంచిది అని మా నానీ కాలం నుంచీ అంటున్నదే. జోర్డాన్‌లో 2011లో ఒక స్టడీ వచ్చింది, డెలివరీ డేట్‌కి నాలుగు వారాల ముందు నుంచి రోజుకి ఆరు ఖర్జూరాలు తిన్న 69 మందిని, తినని 45 మందిని పోల్చి చూస్తే తిన్నవాళ్ళకి నొప్పుల మొదటి దశ తక్కువ టైములో అయింది. చిన్న స్టడీయే, దాని మీద నమ్మకం పెట్టుకుని హాస్పిటల్ మానేసేంత కాదు, కాకపోతే తినడం వల్ల నష్టం కూడా కనపడలేదు. ప్రెగ్నెన్సీ షుగర్ ఉన్నోళ్ళకి మాత్రం ఆరు అన్నది చాలా ఎక్కువ, వాళ్ళు ఇది చదివి మొదలుపెట్టొద్దు.

రోజా లేనివాళ్ళు ఎప్పుడు తినాలి అంటే, నా మట్టుకు నాకు పొద్దున బాదం, వేరుశనగల్లాంటి వాటితో కలిపి, లేకపోతే వాకింగ్‌కో జిమ్‌కో పోయే అరగంట ముందు. బిర్యానీ తిన్నాక స్వీట్ బదులు అని తినడం నాకు నచ్చదు, అప్పటికే కడుపునిండా అన్నం ఉంది కదా. రాత్రి పడుకునే ముందు కూడా వద్దు, పళ్ళకి బంకలా అతుక్కుంటుంది, పిల్లలు బ్రష్ చేయకుండా పడుకుంటే తెల్లారేదాకా ఆ చక్కెర పళ్ళ మీదే. "వేడి చేస్తుంది" అంటారు కదా, ఎక్కువ తిని నీళ్ళు తక్కువ తాగితే ఏదైనా అట్లాగే అనిపిస్తుంది, సహర్‌లో తింటే దాని మీద రెండు గ్లాసుల నీళ్ళు తాగండి. నాలుగేళ్ళ లోపు పిల్లలకి గింజ తీసి సన్నగా తరిగే ఇవ్వండి. పెద్దోళ్ళకి కూడా, అజాన్ హడావిడిలో గింజ కొరికి పన్ను విరగ్గొట్టుకున్న మనిషి మా ఇంట్లోనే ఉన్నారు, పేరు చెప్తే తిడతారు.

ఇక కొనడం. నేను బేగంబజార్‌లో ఒక షాపులో హోల్‌సేల్ రేటు అని అయిదు కిలోల బాక్స్ ఎత్తుకొచ్చిన సంవత్సరం ఉంది. పైవరస నల్లగా నిగనిగలాడుతూ ఉంది, ఇంటికొచ్చి ఒకటి బొటనవేళ్ళతో చీల్చితే లోపల గింజ చుట్టూ గోధుమరంగు పొడి, ఆ పొడిలో సన్న పురుగు కదులుతా ఉంది. రెండోది చీల్చా, అదే. బాక్స్ మొత్తం పోయింది, షాపాయన తీసుకోనన్నాడు. అప్పటినుంచి నాది ఒకటే రూల్, షాపులోనే అడుగువరస నుంచి రెండు తీసి చీల్చి చూస్తా, ఒప్పుకోకపోతే కొనను. తినేటప్పుడు కూడా అంతే, ఇఫ్తార్ లైట్ మసకగా ఉన్నా సరే, చీల్చి చూసి నోట్లో పెట్టుకోండి, మొత్తంగా మింగే అలవాటు వద్దు.

పైన తెల్లగా ఉంటే ప్రతిదీ బూజు కాదు. గట్టిగా, పలుకులు పలుకులుగా, గోరుతో గీకితే పంచదారలా రాలితే అది చక్కెర పేరుకోవడమే, కొంచెం వెచ్చబెడితే కరిగిపోతుంది. మెత్తగా దూదిలా ఉండి ముక్క వాసన వస్తే బూజు, పడేయండి, కడిగి తినొద్దు. పుల్లటి కల్లు వాసన వస్తే పులిసింది, అదీ వద్దు. చేతికి సిరప్ అంటుకునేంత జిగురుగా మెరుస్తుంటే లేబుల్ తిప్పి గ్లూకోజ్ సిరప్ ఏమైనా రాశాడా చూడండి, లూజుగా అమ్మేదాంట్లో ఆ లేబుల్ కూడా ఉండదు. కిమియా లాంటి మెత్త రకం ఫ్రిజ్‌లోనే ఉండాలి, ఎండలో బండి మీద రోజంతా పెట్టి అమ్మేది నేనైతే కొనను. కల్మీ లాంటి ఆరిన రకం గాలి చొరని డబ్బాలో బయటే ఉంటుంది. ఎక్కువ తెచ్చుకుంటే నాలుగు రోజులు డీప్ ఫ్రీజర్‌లో పెట్టి తీస్తే పురుగు బెడద చాలావరకు ఉండదు. అజ్వా పేరు చెప్పి వేరే నల్ల రకం అంటగట్టేవాళ్ళు కూడా ఉంటారు, రేటు మరీ తక్కువ చెప్తే అక్కడే అనుమానించండి.

మా ఇంట్లో ఇప్పుడు మెడ్జూల్ వస్తే అది పిల్లలకీ, షుగర్ లేనోళ్ళకీ. మామూ ప్లేటులో చిన్న రకం ఒక్కటే పెడుతుంది అమ్మీ. మొదటిరోజు ఆయన ప్లేటు చూసి "ఏందిది, ఒకటేనా" అంటే, "ఒకటి కూడా బేసే భయ్యా" అంది. షర్బత్ తీసేసి పల్చటి మజ్జిగ పెట్టింది, బజ్జీలు రోజు విడిచి రోజు. ఆ ఏడు ఇఫ్తార్ అయిన రెండు గంటలకి ఆయన రీడింగు ఎక్కువ రోజులు 180 లోపే ఉంది.

నెలంతా కాపాడుకొచ్చి పండగ పొద్దున ఒక్కపూటలో మొత్తం పాడు చేస్కునేది షీర్ ఖుర్మాతో. ఖుర్మా అంటేనే ఖర్జూరం, దాంట్లో ఎండు ఖర్జూరం, సేమియా, పాలు, మళ్ళీ పైన గరిటెడు చక్కెర, పైగా ఏ ఇంటికి పోతే ఆ ఇంట్లో ఒక గిన్నె. అమ్మీ ఇప్పుడు ఎండు ఖర్జూరాలు ముందురోజు రాత్రే పాలల్లో నానబెట్టి పొద్దున గింజ తీసి సన్నగా తరిగి వేస్తుంది, ఆ తీపి పాలకి దిగుతుంది కాబట్టి మామూ గిన్నెకి విడిగా చక్కెర వెయ్యదు. పండగ రోజు మామూతో బయటికి పోయేటప్పుడు నా జేబులో మీటర్ ఉంటుంది, మూడో ఇంటికి ఆయనే చెయ్యి చాపి వేలు ఇస్తారు.