వానాకాలంలో రబ్బరు కప్పల అచ్చు: ముట్టి చూడొద్దు, తూచి చూడండి

పోయిన ఆదివారం మా గాలాల జట్టులో ఒకతనికి ముంజేయి, చెంప కాలాయి. కొర్రమట్టలకి ఎరగా సొంతంగా రబ్బరు కప్పలు పోసుకుందామని ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అచ్చు చేశాడు. మూడు రోజులు వరండాలో ఆరబెట్టాడు. ముట్టుకుంటే పొడిగానే ఉందట. వేడి ప్లాస్టిసాల్ (కాచి పోస్తే చల్లారి మెత్తటి రబ్బరులా అయ్యే పీవీసీ ద్రవం) పోశాడో లేదో, టప్పున మొహం మీదికి చిమ్మింది. కళ్ళద్దాలు ఉండబట్టి కళ్ళు దక్కాయి.

చెరువులు నిండాయి, మత్తళ్ళు దుంకుతున్నాయి, అందరికీ చేతులు దురద పెట్టే రోజులు. గ్లౌజులు వేసుకోండి, పిల్లల్ని రానీయకండి వంటివి మీకు తెలిసినవే. నేను చెప్పాలనుకున్న తప్పు ఒక్కటే: తడి అచ్చు. పైన ఆరి, కడుపులో నీళ్ళు దాచుకున్న అచ్చు.

లెక్క చూడండి. కిలో ప్లాస్టర్‌కి మనం 600 నుంచి 700 మి.లీ. నీళ్ళు కలుపుతాం. గట్టిపడడానికి అది నిజంగా పట్టుకునేది 190 మి.లీ. కూడా ఉండదు. మిగిలినదంతా, అంటే అర లీటరు దాకా, దిమ్మలోని సన్న రంధ్రాల్లోనే ఉంటుంది. ప్లాస్టిసాల్ పోసేది 175 డిగ్రీల వేడి మీద. నీళ్ళు ఆవిరైతే 1600 రెట్లకు పైగా ఉబ్బుతాయి. ఆ ఆవిరి పోవడానికి మీరు పోసిన రబ్బరు తప్ప వేరే దారి లేదు. ఎండాకాలంలో వారానికి ఆరే దిమ్మ ఈ ముసురులో మూడు వారాలైనా ఆరకపోవచ్చు.

అందుకే చేతిని నమ్మొద్దు. కాటా మీద పెట్టండి. రోజూ తూచి, ఆ అంకె దిమ్మ మీదే పెన్సిల్‌తో రాయండి. వరసగా మూడు రోజులు ఒక్క గ్రాము కూడా తగ్గకపోతేనే అచ్చు ఆరినట్టు. దిమ్మ కింద రెండు పుల్లలు పెట్టి, ఫ్యాన్ కింద ఉంచండి. తొందరపడి పొయ్యి మీదో ఓవెన్‌లోనో పెట్టారంటే, 50 డిగ్రీలు దాటాక ప్లాస్టర్ బలం పోయి పొడి రాలుతుంది, పగుళ్ళిస్తుంది.

ఆరాకే పూత. ఫెవికాల్‌లో సగానికి సగం నీళ్ళు కలిపి రెండు మూడు సార్లు పూస్తే కప్ప నున్నగా వస్తుంది. తడి అచ్చుకి పూత వేయడమంటే నీళ్ళని లోపల పెట్టి తాళం వేయడమే. పూతలోనూ నీళ్ళున్నాయి కదా, మళ్ళీ ఆరబెట్టి, మళ్ళీ తూచండి.

ప్లాస్టర్ గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది. అచ్చు కోసం తడి ప్లాస్టర్‌లో పెట్టిన నమూనా కప్ప పైకి తేలుతోందని వేళ్ళతో అదిమి పట్టుకోవద్దు, పుల్లతో నొక్కండి. 2007లో ఇంగ్లండ్‌లో ఒక బడిపిల్ల చేతుల నమూనా కోసం రెండు చేతులూ ప్లాస్టర్‌లో పెట్టింది. అది రాయిలా బిగిసి, చేతులు కాలిపోయి, చేతి వేళ్ళు చాలావరకు పోయాయి.

ఇక ప్లాస్టిసాల్. చల్లగా ఉన్నప్పుడు పాలలా ఉంటుంది, వేడెక్కితే గడ్డకడుతుంది, ఇంకా వేడి చేస్తే తేటపడుతుంది. అక్కడ ఆపేయండి. పసుపు తిరిగి పొగ వచ్చిందంటే మాడినట్టే. అది పీవీసీ, మాడితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. మంట ఆపి బయటికి నడవండి. బట్ట మాస్కు దాన్ని ఆపదు.

వంటకి వాడే గిన్నె, మైక్రోవేవ్ దీనికి వాడొద్దు. ఒకసారి వాడితే మళ్ళీ వంటకి తీసుకోవద్దు.

చూరు కింద పోయొద్దు. ఒక్క చినుకు చాలు.

గరిట, కప్పు, రంగు సీసా మూత, అన్నీ పొడిగా తుడవండి.

పోసిన కప్పల్ని చల్లార్చే నీళ్ళ పళ్ళెం అచ్చుకి దూరంగా ఉండాలి. అందులో ముంచిన చేతితో అచ్చు ముట్టొద్దు. మొదటి పోత బాగానే వస్తుంది, రెండోదే చిమ్ముతుంది.

తెగిన పాత కప్పలు కరిగిస్తారా? వాటి లోపల చెరువు నీళ్ళుంటాయి. ముక్కలు కోసి ఎండబెట్టండి. ఏ రబ్బరో తెలియనిది కరిగించనే వద్దు.

అదే అచ్చులో సీసం గుండ్లు పోయొద్దు. సీసం కరిగేదే 327 డిగ్రీల దగ్గర.

మొదటిసారి చెంచాడే పోయండి. మొహం పక్కకి పెట్టి.

ఒంటి మీద పడితే పీకొద్దు, తోలు ఊడొస్తుంది. ఉంగరం, వాచీ తీసేయండి. పారే నీళ్ళ కింద 20 నిమిషాలు పెట్టండి. టూత్‌పేస్టు వద్దు, ఇంకు వద్దు, పసుపు వద్దు. ఆసుపత్రికి వెళ్ళండి.

తూచారా? తూచకపోతే పోయొద్దు.

కాలినతను నిన్న ఫోన్ చేశాడు. నేను చెప్పినట్టు ఆ అచ్చుని నాలుగు రోజులుగా తూస్తున్నాడట. ఇప్పటికి 41 గ్రాములు తగ్గింది. ఇంకా తగ్గుతూనే ఉంది.